ముందు వరసలో కుర్చీ

1957 ఆగస్టు తొమ్మిది, శ్రావణ శుక్రవారం. ఆ మధ్యాహ్నం మలయా దేశంలోని ఇపో పట్టణంలో ఒక చీనా అవ్వ ఇంటి వెనక పంచలో ముక్కాలిపీట మీద కూర్చుని నేను వేడి అన్నం, ఉప్పులో ఊరిన ముల్లంగి ముక్కలు తిన్నాను. మరే కూరా లేదు. ఆ తరవాత పెళ్లి భోజనాలూ విందులూ చాలా తిన్నాను గాని, ఫలానా రోజున ఫలానాది తిన్నానని తేదీతో సహా గుర్తున్నది ఆ ఒక్క భోజనమే.

అప్పట్లో నేను ఇపోకు ఉత్తరాన ఒక రబ్బరు తోటలో గుమాస్తాను. తోటల్లో మమ్మల్ని కిరాణి అంటారు. మా నాన్న కూడా కిరాణే. నన్ను విజయనగరం పంపి కాలేజీ చదువు చెప్పించాడు. ఆ చదువు చదివి తిరిగొచ్చి ఆయన బల్ల దగ్గరే కూర్చున్నాను.

అడవిలో కమ్యూనిస్టులతో పోరాటం మొదలై తొమ్మిదేళ్లు. ప్రభుత్వం దాన్ని యుద్ధం అనేది కాదు, ఎమర్జెన్సీ అనేది. ఆ ఏడు ఆగస్టు చివరికి మెర్దేకా వస్తుందని, అంటే స్వతంత్రం వస్తుందని, అందరికీ తెలుసు. కాని జూలైలో మా తోటకు ముందుగా వచ్చింది కొత్త ఆంక్ష. ఎవరింట్లోనూ బియ్యపు గింజ ఉండకూడదు. ఉంటే అడవిలో వాళ్లకు చేరుతుందని భయం. ముళ్లకంచె లోపల రేకుల షెడ్డు వేసి తోటంతటికీ ఒకచోటే వండేవారు, దాన్నే కిచెన్ అనేవాళ్లం. గిన్నె పట్టుకుని వరసలో నిలబడి మనిషికింత అని తెచ్చుకోవాలి. ఇంటికి చేరేసరికి చల్లారిపోయేది, సాయంత్రానికి నీరు కారేది.

మా ఇంట్లో ఇద్దరమే ఉండేవాళ్లం, నేనూ, మా అత్తగారు పాపమ్మా. నా భార్య విజయలెచ్చుమి అంతకు ముందు శ్రావణంలో జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. కూతురు లేని ఇంట్లో అల్లుడి దగ్గర ఉండడమేమిటని ఆవిడకు మొహమాటం. ఉండమని అడగడానికి నాకు నోరు రాదు. ఏడాది తద్దినం కాగానే బగాన్ దాతోలో ఉన్న తమ్ముడి కొడుకు అప్పయ్య దగ్గరికి వెళ్లిపోతానని ఆవిడే అంది. నేను తలూపాను. ఏ మాటకైనా తలూపడం నాకు అలవాటు.

తద్దినం దగ్గరపడ్డాక ఒక సాయంత్రం ఆవిడ కిచెన్ అన్నం పళ్లెంలో వడ్డిస్తూ గరిటె ఆపింది.

"ముద్ద ఎలాగ బాబూ? బియ్యమేదీ?"

"ఈ అన్నంతోనే చేస్తే సరిపోదా అత్తా?"

"ఏటీ? తోటంతటికీ కొలిసిన అన్నమా నా పిల్లకి? బతికుండగా ఎప్పుడైనా గిన్నట్టుకుని వరసలో నిలబడ్డాదా అది?"

"కాలం అలాంటిది."

"కాలం మనకి గాని సచ్చినోలికేటి? ఎమర్జెన్సీ ఆలకి కూడా ఉంటదేటి?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడకు రాలేదు.

"దాని మొగుడివీ నువ్వే, కొడుకువీ నువ్వే. నీ సేత్తో వొండి పెట్టాల. ఆ ముద్ద పడిందాకా నాను మంచినీల్లు ముట్టను. ఆనక నీ ఇట్టం."

ఆవిడ మాట అంటే అన్నట్టే. అందుకే ఇపో ప్రయాణం పెట్టుకున్నాను. పట్టణంలో ఇళ్లలో ఇంకా పొయ్యిలు వెలుగుతున్నాయి. అక్కడ మన తెలుగువాళ్లకు కర్మలు చేయించే సుప్పయ్య దాసు ఉన్నాడు. అతనింట్లో వండి, అక్కడే ముద్ద పెట్టి, చీకటి పడి గేటు మూసేలోగా తిరిగి రావాలి. వస్తున్నానని కబురు కూడా పంపాను.

ఆ ఉదయం గేటు దగ్గర కాపలా మునుసామి నా సంచి తడిమాడు. మా తోట తమిళ కుర్రవాడే, ఎమర్జెన్సీలో కానిస్టేబులయ్యాడు. మలయావాళ్లందరిలాగే మాట చివర లా తగిలిస్తాడు. సంచిలో నువ్వుల పొట్లం దొరికింది.

"ఎన్న అయ్యా ఇది? తినేది కదా."

"తద్దినానికి నువ్వులు మునుసామీ. పిడికెడు."

"తెలుసయ్యా. ఇది తిని అడవిలో ఎవడు బతుకుతాడు లా? కానీ ముందు రోడ్డు మీద దొరలు పట్టుకుంటే మిమ్మల్ని కూర్చోబెడతారు." పొట్లం తన టోపీలో దాచాడు. "సాయంత్రం తీసుకోండి. పోయిన అమ్మ చేతి రసం తాగినవాణ్ణి, తప్పనుకోవద్దు."

తప్పనుకోలేదు. అతను ఆపకపోతే రోడ్డు మీద మరొకరు ఆపేవారు.

ఇపోలో దిగి సుప్పయ్య ఇంటికి వెళ్తే తాళం. పక్కింటి తమిళావిడ మారియమ్మ గుమ్మంలో ముగ్గు వేస్తూ తలెత్తి, "దాసు లేడు. శ్రావణ శుక్రవారమని తెలుక్ ఆన్సన్ ఊరివాళ్లు పూజకి తీసుకుపోయినారు. రేపు వస్తాడు," అంది. నా ముఖం చూసి, "నీళ్లు తాగుతారా?" అంది. ముద్ద పెట్టేదాకా నేనూ ఏమీ తాగకూడదు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

రేపు వస్తాడు. తిథి మాత్రం ఇవాళే.

దగ్గర్లో రెంగసామి భోజనశాల ఉంటే వెళ్లి, ఒక పొయ్యి, రెండు గుప్పిళ్ల బియ్యం అడిగాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "తోట కిరాణి మీరు. మీకు తెలియనిదా? తోట మనిషికి బియ్యం ఇచ్చానని తెలిస్తే నా లైసెన్సు పోతుంది. సాప్పాడు పెడతాను, కడుపునిండా తినండి. డబ్బులొద్దు." ఆయన మంచితనానికి హద్దు అంతవరకే ఉంది. దానికీ సంతోషించాను.

ఇక చేసేదేమీ లేక నడవడం మొదలుపెట్టాను. ఇరవై ఏళ్లుగా ఇపో వస్తూ పోతూ ఉన్నా, బ్యాంకు, స్టేషను, మందుల షాపు తప్ప నేనేమీ చూడలేదు. అది చీనావాళ్ల ఊరు. వీధి చివర ఎటు చూసినా సున్నపురాతి కొండ ఒకటి ఇళ్ల వెనక నుంచి తొంగి చూస్తూ ఉంటుంది. వంతెన కింద కింటా నది తగరపు గనుల బురదతో పాలకాఫీ రంగులో పారుతోంది. ఒక సందులో కాఫీ గింజలు వేయిస్తున్నారు. ఆ వాసనకు ఉపవాసం మరీ కష్టమైంది. ఒక దర్జీ కొత్త దేశపు జెండాలు కుడుతున్నాడు. నెలవంక ఉన్న నీలం గుడ్డ ఒళ్లో, ఎర్రచారల గుడ్డ నేల మీద.

కొంచెం దూరం పోయాక ఒక వింత గమనించాను. ప్రతి కొట్టు ముందూ బల్ల వేసి ఉంది. బల్ల నిండా నారింజలు, కాల్చిన బాతులు, గుండ్రటి ఆవిరి రొట్టెలు, వాటి మధ్య గిన్నెల్లో గోపురంలా అన్నం. అగరొత్తులు పొగలు కక్కుతున్నాయి. ఎవరూ తినడం లేదు. మెర్దేకాకు ముందస్తు సంబరమేమో అనుకున్నాను. ఊరంతా అన్నం రోడ్డు మీద పెట్టుకుని కూర్చుంటే, పిడికెడు అన్నం కోసం నేను ఆ గిన్నెల మధ్యనే తిరుగుతున్నాను. ఎవరినని అడగను? అడిగితే మాత్రం అది ఒకరి బల్ల మీది అన్నం.

ఎండ నడినెత్తికొచ్చేసరికి కాళ్లు లాగుతున్నాయి. ఒక ఖాళీ స్థలంలో వెదురు మంచె మీద రంగస్థలం కట్టి చీనా నాటకం ఆడుతున్నారు. ముఖాలకు ఎరుపూ తెలుపూ పూసుకున్న రాజులు, తాళాల మోత. జనం చాలామంది నిలబడి చూస్తున్నారు. ముందు వరసలో మాత్రం కుర్చీలన్నీ ఖాళీ.

మా తోటలో దీపావళికి నాటకం వేస్తే ముందు వరస ఎప్పుడూ ఖాళీయే. మేనేజరు దొర, ఆ పక్కన కిరాణి వచ్చి కూర్చునేదాకా ఆ కుర్చీలను ఎవరూ ముట్టరు. నాన్న వెంట చిన్నప్పుడూ, ఆ తరవాత నా అంతట నేనూ, ఆ ఖాళీ కుర్చీల్లోకే నడిచి వెళ్లాను. ఆ అలవాటున జనాన్ని తప్పించుకుంటూ పోయి, చివరి కుర్చీలో హాయిగా కూలబడ్డాను.

తాళాల మోత ఆగలేదు గాని, వెనక మాటలు ఆగిపోయాయి. ఎవరో నా చొక్కా చేతిని మెల్లగా లాగారు. నల్ల పైజామా, తెల్ల రవిక తొడుక్కున్న ముసలావిడ. మా ఇద్దరికీ వచ్చిన భాష బజారు మలాయే.

"తువాన్, అయ్యా, లేవండి. ఇవి మనుషుల కుర్చీలు కావు."

"మరెవరివి?"

"చచ్చిపోయినవాళ్లవి. ఈ నెలలో వాళ్లు వస్తారు. ఇవాళ పద్నాలుగో రోజు, అందరూ వస్తారు. ఆట వాళ్ల కోసం. మనం వెనక నుంచి చూడాలి."

ముల్లు గుచ్చుకున్నట్టు లేచాను. చేతులు జోడించాను, ఎవరికో తెలియకుండానే, మనుషులకూ కుర్చీలకూ కలిపి. వెనక నుంచి రిక్షా మనిషి ఒకడు ఏదో అన్నాడు. జనం పగలబడి నవ్వారు.

"ఏమంటున్నాడు?"

"కొంచెం తొందరపడి వచ్చేశావట," అంది ఆవిడ, తనూ నవ్వాపుకోలేక.

నేనూ నవ్వాను. ఆకలి వల్లనో ఏమో, నవ్వుతూ నవ్వుతూ చెప్పేశాను. "మా లెక్కలో కూడా ఇవాళ పద్నాలుగో రోజే. నా భార్య పోయి ఏడాది."

ఆవిడ నవ్వు ఆపింది. "అన్నం పెట్టావా?"

"లేదు. మా తోటలో బియ్యం ఉంచనివ్వరు. వండే చోటు లేదు."

ఆవిడ రమ్మన్నట్టు చెయ్యి ఊపి ముందు నడిచింది. అందరూ ఆవిడను ఆ పో అని పలకరిస్తున్నారు, అవ్వా అన్నట్టు. పక్క సందులోనే ఇల్లు. ముందు గదిలో చచ్చిపోయినవాళ్ల కోసం కాల్చే కాగితపు ఇళ్లు, కాగితపు కార్లు అమ్ముతుంది. వెనక పంచలో బొగ్గుల కుంపటి. అలమర పైనుంచి ఒక మట్టికుండ దించి నా ముందు పెట్టింది.

"కొత్తది. ఇందులో పంది మాంసం గాని, ఇంకేమీ గాని వండలేదు. మీవాళ్ల సంగతి నాకు తెలుసు."

బియ్యం తనే కొలిచింది. కడగబోతే మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుంది. "నువ్వే చెయ్యాలి కదా." నల్లనువ్వులున్నాయా అని మొహమాటపడుతూ అడిగితే సీసా మూత తీసి ఇచ్చింది. వాళ్లూ ఏదో పిండివంటకు వాడతారట.

అన్నం మెత్తబడిపోయింది. ఆవిడ వంగి చూసింది.

"ఎప్పుడూ వండలేదా?"

"ఆమె ఉండగా ఆ అవసరం రాలేదు."

"మగవాళ్లందరూ ఇదే చెబుతారు."

అరిటాకు ముక్కలో నువ్వులు కలిపి ముద్ద చేశాను. మంత్రాలు చెప్పడానికి సుప్పయ్య లేడు. దక్షిణం ఎటో అడిగి, పెరటి గోడ మీద ఆకు ఉంచి, నీళ్లు విడిచి, విజయలెచ్చుమీ అని పేరు పెట్టి పిలిచాను. ఏడాదిగా ఆ పేరు బయటికి అనలేదు. మా వైపు కాకులు లేవు. కాకి చెయ్యవలసిన పని గోరింకలు చేస్తాయి. రెండు వచ్చి వాలాయి. ఒకటి ముద్దను ఎగాదిగా చూసి, మెత్తదైనా సరేననుకున్నట్టు తినడం మొదలుపెట్టింది.

ఆ పో నాకు మిగిలిన అన్నం వడ్డించి ముల్లంగి వేసింది. తింటూ లోపలికి చూస్తే పూజ బల్ల మీద ఒక మగమనిషి ఫోటో, దాని ముందు అన్నం గిన్నె.

"మీ ఆయనా?"

"ఊఁ. జపాన్ వాళ్లు తీసుకెళ్లారు."

"పిల్లలు?"

"ఒక్కడు." నా పళ్లెంలోకి చూస్తూ చెప్పింది. "మూడేళ్ల కిందట అడవిలోకి పోయాడు. బతికుంటే గిన్నె పెట్టకూడదు, కీడు. చచ్చిపోయి ఉంటే ఆకలితో ఉంటాడు. ఏ సంగతీ తెలియదు." ముల్లంగి గిన్నె నా వైపు జరిపి, "నీకు రోజు తెలుసు. అది మంచిది," అంది.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మా తోటలో గింజ గింజకూ కాపలా కాస్తున్నది ఎవరికి చేరకూడదనో, వాళ్లలో ఒకడి తల్లి నాకు అన్నం పెడుతోంది. నేను తోట కిరాణినని, ఆ అన్నపు షెడ్డు దగ్గర రోజూ నిలబడి కొలిపించేది నేనేనని చెప్పాను. చెప్పకుండా తినలేకపోయాను. ఆవిడ తెలుసన్నట్టు తల ఊపి, ఇంకో గరిటె అన్నం పెట్టింది.

తిన్నాక ఇద్దరం తిరిగి నాటకం దగ్గరికి వచ్చాం. ఆవిడ నేరుగా ముందు వరసకు వెళ్లి, ఇందాక నేను కూర్చున్న చివరి కుర్చీ దగ్గర ఆగింది.

"ఇది నేను వేసిన కుర్చీ. ఏటేటా వేస్తాను. ఎవరిదో చెప్పను." చేతి అంచుతో కుర్చీ తుడిచింది. "ఈ ఏడు నీ భార్య కూర్చుంటుంది."

"మరి మీ అబ్బాయి?"

"వాడింకా రాలేదు," అంది ఆ పో. కుర్చీ కాలి దగ్గర ఒక అగరొత్తి గుచ్చి, నన్ను జనంలోకి తీసుకొచ్చి నిలబెట్టింది. బస్సు వేళయ్యేదాకా ఇద్దరం వెనక నిలబడి ఆట చూశాం. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రాణి ఏడ్చినప్పుడు ఆ పో ఏడ్చింది, విదూషకుడు పడ్డప్పుడు నవ్వింది. నేనూ ఆవిడతో పాటే.

గేటు మూసే వేళకు తోటకు చేరాను. పాపమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. పెదవులు ఎండిపోయాయి.

"అయినాదా బాబూ?"

"అయింది అత్తా. నా చేత్తోనే వండాను."

"సుప్పయ్య బాగా సేసినాడా?"

"సుప్పయ్య ఊళ్లో లేడు." ఏదీ దాచకుండా చెప్పాను, కుర్చీలో కూలబడడం దగ్గర్నుంచి. రిక్షా మనిషి మాటకు ఆవిడ, "ఓలమ్మో, నిజిమే కదా!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చీనావాళ్ల ఇంట్లో ముద్దా అని అంటుందేమోనని భయపడుతూనే, కొత్త కుండ సంగతి రెండుసార్లు చెప్పాను. ఆవిడకు కుండ పట్టలేదు.

"గోరింకలొచ్చినాయా?"

"రెండు వచ్చాయి."

"ఆనక కుర్సీలో కూకోబెట్టినాదా, నా పిల్లని?"

"ఊఁ. ముందు వరసలో."

"ముందు వరసలోనా?" పాపమ్మ నా వైపు తిరిగింది. "నాటకమంటే పేణం పెట్టేది బాబూ అది. నువ్వు ముందర కుర్సీలో దొర పక్కన కూకుంటే, ఆడోల్లందరితో ఎనకాల మట్టి మీద కూకుని, తలకాయల సందులోంచి మెడ సాసి సూసేది. ఇంటికొచ్చి, రాజు మొకమే కనబళ్లేదమ్మా అనేది నాతోటి."

నాతో ఎప్పుడూ అనలేదు. ఆ మాట పాపమ్మ చెప్పేదాకా నాకు తెలియదు.

"ఈ ఏడు కనబడుంటాది," అని ఆవిడ లేచి చెంబుడు నీళ్లు గటగటా తాగింది. కిచెన్ అన్నంలో పులుసు పోసుకుని, వంక పెట్టకుండా తింది. సగంలో ఆగి అడిగింది. "ఆ ముసిలమ్మ కొడుకు పేరేటి?"

"అడగలేదు."

"అడగాల బాబూ. వొచ్చే ఏడు ఎల్లినప్పుడు అడుగుదుం."

అడుగుదుం అంది. నేను పళ్లెంలోకి తల దించుకుని, ఆ మాట విననట్టే ఉన్నాను. వింటే మళ్లీ వెనక్కి తీసుకుంటుందేమోనని.

మెర్దేకా రోజున అప్పయ్య వచ్చాడు. మైదానంలో జెండా ఎగరేశారు, పిల్లలకు మిఠాయిలు పంచారు, దొర మలాయ్‌లో రెండు ముక్కలు మాట్లాడితే అందరూ చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నం అప్పయ్య పాపమ్మ ట్రంకు పెట్టె కోసం ఇల్లంతా వెతికాడు. అది మంచం కిందే ఉంది, తాడు కట్టకుండా.

"ఏటత్తా, సర్దుకోనేదేటి? తద్దినం అయిపోనాది కదా. అల్లుడింట్లో ఎన్నాల్లుంటావు? నలుగురూ ఏటనుకుంటారు?"

"అల్లుడెవుడ్రా?" అంది పాపమ్మ. "కూతురుంటేనే కదా అల్లుడు. ఈడిప్పుడు అల్లుడు కాడు."

"మరేటవుతాడు?"

"ఏటో, నాకూ తెల్దు. నాను మాత్రం రాను. నువ్వు తిని ఎల్లు."

అప్పయ్య నా వైపు చూశాడు. "జయరామ్ బావా, నువ్వైనా సెప్పు లా."

నాకు ఎప్పటిలాగే నోరు రాలేదు. కాని ఈసారి తలూపలేదు. అడ్డంగా ఊపాను. అప్పయ్య మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "సరిపోనారు ఇద్దరికిద్దరూ," అని నవ్వి, కిచెన్ వాళ్లు పండగకని వండిన మేకమాంసం కూర రెండోసారి వడ్డించుకున్నాడు.

సాయంత్రం అతన్ని బస్సెక్కించి వచ్చాం. మైదానంలో ఇంకా పాటలు వినిపిస్తున్నాయి. పాపమ్మ అరుగు మీద చెప్పులు రెండు జతలూ లోపల పెట్టింది, దీపం వత్తి తగ్గించింది. దోమలొస్తాయి బాబూ అంటూ తలుపు దగ్గరగా లాగి, చప్పుడు కాకుండా గడియ వేసింది.